'రన్' అంటే పరిగెత్తడమేనా? బ్రౌన్ దొరను అడుగుదాం!

బ్యాంక్ పీఓ, ఎస్ఎస్‌సీ, క్యాంపస్ ప్లేస్‌మెంట్... ఏ పరీక్ష తీసుకున్నా వెర్బల్ సెక్షన్‌లో సినానిమ్స్ తప్పవు. దానికి మన ప్రిపరేషన్ కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. రోజుకు 20 కొత్త పదాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో అర్థం, ఆపై బట్టీ. తీరా పరీక్షలో దెబ్బకొట్టేది మాత్రం మనకు బాగా తెలుసనుకున్న చిన్న పదాలే.

'రన్' సంగతే చూడండి. ఒకటో క్లాసులో పరిగెత్తడం అని నేర్చుకున్నాం. కానీ పామర్రు నుంచి బందరుకు బస్సు రన్ అవుతుందంటే తెలుగులో అది 'నడుస్తుంది'. హోటల్ రన్ చేస్తున్నారంటే 'నడుపుతున్నారు'. కాలువ రన్ అయితే 'పారుతుంది', ముక్కు రన్ అయితే 'కారుతుంది'. ఎన్నికల్లో రన్ అంటే పోటీ చేయడం. గ్యాస్ రన్ అవుట్ అయితే 'అయిపోయింది'. ఇంగ్లీషువాడికి పరిగెత్తేవి మనకు నడుస్తాయన్నమాట! ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఈ ఒక్క క్రియకే 600కు పైగా అర్థాలు లెక్కతేలాయి. అన్నిటికీ ఒకే తెలుగు మాట పెట్టుకుంటే పని జరగదు.

ఈ చిక్కు మనకంటే 200 ఏళ్ల ముందే, అటువైపు నుంచి ఒకాయనకు ఎదురైంది. ఆయనకు ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. ఉద్యోగం నిలవాలంటే తెలుగు రావాలి. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఉద్యోగం కోసం మొదలైన తెలుగు

బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, పండితుడు. పిల్లలకు చిన్నప్పుడే పలు భాషలు నేర్పించారు. 1812లో తండ్రి చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. అక్కడ ఈస్టిండియా కంపెనీ కొలువుకు శిక్షణ పొంది, 1817లో బ్రౌన్ మద్రాసులో దిగారు. అప్పటికి వయసు 18. అంటే మీలో చాలామంది కంటే చిన్నవాడు.

కంపెనీ ఉద్యోగికి స్థానిక భాషల పరీక్ష పాసవడం తప్పనిసరి. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్ది, 1820లో పరీక్ష గట్టెక్కారు. వెంటనే కడపలో పోస్టింగ్. కచేరీలో రైతులు మాట్లాడేది తెలుగు. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా పని దగ్గర భాష సరిపోకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. డిగ్రీ పూర్తిచేసి మొదటి ఇంటర్వ్యూలో కూర్చున్న మన పరిస్థితి కూడా అలాంటిదే.

బందరులో మలుపు

1822లో ఆయన్ను మచిలీపట్నం బదిలీ చేశారు. కూచిపూడి, మొవ్వ, గుడివాడ వైపు నుంచి ఇప్పుడు మీరు కోచింగ్‌కు వెళ్లే బందరే. 1823లో ఇక్కడ పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడి పెట్టించారు. కడపలో అంతకు రెండేళ్ల ముందే ఈ పని మొదలుపెట్టారు.

వేమన పేరు ఆయన దృష్టిలో పడింది కూడా ఆ రోజుల్లోనే, 1824లో. ఓ ఫ్రెంచి మతబోధకుడి పుస్తకంలో ప్రస్తావన చూసి తాటాకు ప్రతులు వెతికించడం మొదలుపెట్టారు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకో ప్రతిలో మరోలా ఉండేది. అన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి, 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించారు. మామూలు జనం మాటలో ఎంత బలముందో ఆయనకు వేమన నేర్పాడనుకోవచ్చు.

ఆ తర్వాత పని పెరిగింది. జూలూరి అప్పయ్య వంటి పండితులను పెట్టుకుని, కావ్యాలకు శుద్ధప్రతులు రాయించారు, వ్యాఖ్యానాలు చేయించారు. జీతాలు తన జేబులోంచే. చాలకపోతే అప్పు చేసి మరీ ఇచ్చారు.

ఒక్క మాట తేడా

సినానిమ్స్ అంటే పరీక్షలో ఒక మార్కు వ్యవహారమే అనుకుంటున్నారా? అయితే ఇది చదవండి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. కృష్ణకు ఇవతల బందరు ప్రాంతాన్నీ అది వదల్లేదు. ఒక్క గుంటూరు జిల్లాలోనే దాదాపు మూడో వంతు జనం పోయారు.

అప్పుడు గుంటూరులో అధికారిగా ఉన్న బ్రౌన్, పైవాళ్లకు రాసిన కాగితాల్లో దాన్ని ఫ్యామిన్ అనే రాశారు. అంత గట్టి మాట పైవాళ్లకు రుచించలేదు. మన ప్రాక్టీస్ బుక్‌లో స్కేర్సిటీ, డ్రాట్, ఫ్యామిన్ పక్కపక్కనే కనిపిస్తాయి. స్కేర్సిటీ అంటే కొరత, డ్రాట్ అంటే వానల్లేకపోవడం, ఫ్యామిన్ అంటే జనం తిండిలేక చావడం. కొరత అని రాస్తే ఫైలు కదలకపోయినా అడిగేవారు ఉండరు. కరువు అని రాస్తే సర్కారు గంజి పోయాల్సిందే. అందుకే ఆ చోట ఒక మాట బదులు ఇంకో మాట వాడటం చిన్న విషయం కాదు.

32 ఏళ్ల ప్రాజెక్ట్

1830ల మధ్యలో బ్రౌన్ లండన్‌లో కొన్నేళ్లు ఉన్నారు. అక్కడ ఇండియా హౌస్ లైబ్రరీలో పట్టించుకునేవారు లేక పడి ఉన్న దక్షిణాది రాతప్రతులు ఆయన కంటపడ్డాయి. వాటిని మద్రాసుకు పంపేలా ఒప్పించారు. తిరిగొచ్చాక 1840లో తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, దాని వెంటే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వచ్చాయి. తెలుగు పరీక్ష పాసైన ఏడాది నుంచి లెక్కేస్తే 32 ఏళ్లు. విచిత్రంగా, ఇంగ్లీషు పర్యాయపదాలకు పేరుమోసిన రోజే థిసారస్ లండన్‌లో వెలువడింది కూడా 1852లోనే.

బ్రౌన్ నిఘంటువులో మనకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. పండితులు మెచ్చిన మాటలతో సరిపెట్టకుండా, వీధిలో, పొలంలో, కచేరీలో వాడే మాటలకూ చోటిచ్చారు. మాట ఎక్కడ ఎలా వాడతారో చూపడానికి వాడుకలోంచి, కావ్యాల్లోంచి ఉదాహరణలిచ్చారు. 1854లో ఇంకో అడుగు వేసి, తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, ఇంగ్లీషు వంటి పరాయి మాటలకు విడిగా ఒక నిఘంటువు తెచ్చారు. మనం 'కోడ్ రన్ అవట్లేదు' అంటున్నామే, అలాంటి కలగలుపు మాటల్ని అప్పుడే పట్టించుకున్నారన్నమాట.

1855లో ఉద్యోగం వదిలి లండన్ వెళ్లారు. తర్వాత అక్కడి యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబర్ 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం, లైబ్రరీ ఉన్నాయి. అటు వెళ్తే ఓసారి చూసి రండి.

మీరు ఇలా చేసి చూడండి

* పదం పక్కన అర్థం ఒక్కటే రాయకండి. మీ ఊరి వాక్యం రాయండి. కూచిపూడిలో పిల్లలు క్రికెట్ ఆడతారు, కళాకారులు పాత్ర వేస్తారు, మృదంగం వాయిస్తారు. ఇంగ్లీషులో మూడూ 'ప్లే'నే. ఇలా రాసుకుంటే మర్చిపోవడం కష్టం.

* సినానిమ్‌ను వాక్యంలో పెట్టి చూశాకే టిక్ పెట్టండి. ప్రోగ్రామ్ రన్ చేశానంటే ఎగ్జిక్యూట్ చేశాననొచ్చు. అదే ధీమాతో టీమ్ రన్ చేశానని చెప్పడానికి రెజ్యూమెలో ఐదుగురిని ఎగ్జిక్యూట్ చేశానని రాస్తే, ఉరితీశానని అర్థం! అక్కడ మేనేజ్, లీడ్ సరిపోతాయి.

* రోజుకు 20 కష్టమైన పదాల బదులు, తెలిసిన చిన్న పదం ఒక్కటి తీసుకోండి. రన్, సెట్, టేక్, గెట్... ఒక్కోదానికి ఐదు అర్థాలు, ఐదు వాక్యాలు. నెల తిరిగేసరికి 150 వాక్యాలు మీ సొంతం.

* రెండు పదాలు ఒకేలా అనిపిస్తే, దేని వల్ల ఎవరికి ఏం మారుతుందో ఆలోచించండి. కొరతకూ కరువుకూ తేడా గుర్తుంది కదా!

తెలుగు అక్షరం ముక్క రాకుండా ఓడ దిగిన కుర్రాడు తెలుగువాళ్లకే నిఘంటువు ఇచ్చాడు. మనం ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీషు వింటూనే ఉన్నాం. ఆ లెక్కన ఆయన కంటే ముందున్నట్టే. ఈ రోజు నోట్‌బుక్ తెరిచి 'రన్'తో మొదలుపెట్టండి.