మిల్లు యజమానుల ఇంటి నుంచి మానసిక రోగుల ఆసుపత్రి దాకా: మిఠూబెన్ పెటిట్

ఉప్పు సత్యాగ్రహం గురించి ఎక్కడ రాసినా వేసే ఫొటో ఒకటుంది. గాంధీ వంగి నేల మీది ఉప్పు తీస్తుంటారు. వెనక ఆయన రెండో కొడుకు మణిలాల్, పక్కన ఒక మహిళ. చాలామంది అది దండి అనుకుంటారు. నిజానికి 1930 ఏప్రిల్ 9న సూరత్ దగ్గరి భీమ్రాడ్‌లో తీసిన ఫొటో అది. ఆ మహిళ మిఠూబెన్ పెటిట్. ఫొటో కింద ఆమె పేరు చాలాసార్లు ఉండదు. ఆ తర్వాత ఆమె ఏం చేశారన్నది ఇంకా తక్కువ మందికి తెలుసు.

1892 ఏప్రిల్ 11న బొంబాయిలో పుట్టారామె. పెటిట్‌లంటే పార్సీల్లో పేరుమోసిన సంపన్నులు. బొంబాయికి నూలు మిల్లుల నగరంగా పేరు తెచ్చినవారిలో ఆ కుటుంబం ఒకటి. జిన్నా పెళ్లాడిన రతన్‌బాయిదీ ఆ వంశమే. తల్లి తరఫు దగ్గరి బంధువు జైజీ పెటిట్ రాష్ట్రీయ స్త్రీ సభకు కార్యదర్శి. ఆమె వెంట వెళ్లి గాంధీని కలుస్తూ కలుస్తూ మిఠూబెన్ ఆ దారి పట్టారు. మిల్లు బట్టతో ఎదిగిన ఇంటి ఆడపిల్ల ఖద్దరు ప్రచారంలో దిగడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది బార్డోలీ. సూరత్ జిల్లాలోని ఈ తాలూకాలో ప్రభుత్వం భూమి శిస్తును దాదాపు 22 శాతం పెంచింది. 1928 ఫిబ్రవరిలో వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో రైతులు పన్ను ఎగ్గొట్టారు. మన గుంటూరు జిల్లా పెదనందిపాడులో 1921-22లో జరిగిన పన్నుల నిరాకరణ గుర్తున్నవారికి ఈ కథ కొత్తేమీ కాదు. అప్పట్లో గాంధీ శాసనోల్లంఘనకు ఎంచుకున్న చోటు బార్డోలీయే. చౌరీచౌరా తర్వాత దాన్ని ఆపేశారు. ఆరేళ్లకు ఆ ఊళ్లకు మళ్లీ వంతు వచ్చింది.

శిస్తు కట్టకపోతే జప్తు. గిన్నెలు, మంచాలు, ముఖ్యంగా గేదెలు. జప్తు మనుషులు వచ్చేసరికి ఇంట్లో ఉండేది ఆడవాళ్లే. వాళ్లు భయపడితే ఉద్యమం అక్కడితో సరి. అందుకే మిఠూబెన్, భక్తిబా దేశాయ్, పటేల్ కూతురు మణిబెన్ ఊరూరా తిరిగారు. మొదట్లో సభలకు రావడానికి వెనకాడిన స్త్రీలు పోనుపోను మగవాళ్లను మించి వచ్చారు. గేదెల్ని కాపాడుకోవడానికి పశువులతో పాటే మనుషులూ నెలల తరబడి తలుపులు బిగించుకుని ఇళ్లలో ఉండిపోయారు. ఆగస్టులో ప్రభుత్వం దిగొచ్చింది. తర్వాత విచారణ జరిపిన బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ ఆరు శాతం చిల్లర పెంపు చాలని తేల్చారు. పటేల్ సర్దార్ అయ్యారు.

అయితే ఆ గెలుపు భూమి ఉన్నవాళ్లది. ఆ భూముల్లో తరతరాలుగా పాలేరుతనం చేస్తున్న దుబ్లాలకు, అడవి అంచు ఆదివాసులకు అందులో దక్కింది తక్కువ. వాళ్లను పీల్చేస్తున్నది శిస్తు కంటే అప్పు, కల్లు, సారా. 1922-23లో ఈ ప్రాంతపు ఆదివాసులు దేవి ఆజ్ఞ అంటూ తమంతట తామే తాగుడు మానేసి, దుకాణదారుల్ని బహిష్కరించారు. ఆ దుకాణాల్లో చాలావాటి యజమానులు పార్సీలే.

మిఠూబెన్‌కు చిక్కు సరిగ్గా ఇక్కడే. 1930 ఏప్రిల్ 13న దండిలో గాంధీ పిలిచిన మహిళా సమావేశం మద్యం, విదేశీ బట్టల దుకాణాల ముందు పికెటింగ్ బాధ్యతను ఆడవాళ్లకు అప్పగించింది. సూరత్ జిల్లాలో ఆ పనికి ముందు నిలబడినవారిలో ఆమె ఒకరు. అంటే సొంత మతంవాళ్ల పొట్ట మీద కొట్టే పని. జైలుకు వెళ్లడం కంటే ఇదే కష్టమని అనుకోవడంలో తప్పులేదు. జైలుకు వెళ్లొచ్చినవారిని నలుగురూ దండలు వేసి పిలుస్తారు. సొంతవాళ్ల వ్యాపారాన్ని అడ్డుకున్నవారిని ఎవరూ భోజనానికి పిలవరు.

బొంబాయి నుంచి వచ్చిన చాలామంది తిరిగి వెళ్లిపోయారు. ఆమె వెళ్లలేదు. సూరత్, నవ్‌సారీల మధ్య మరోలీలో కస్తూర్బా పేరుతో ఆశ్రమం పెట్టారు. ఆదివాసి, దళిత, మత్స్యకార కుటుంబాల పిల్లలకు వడకడం, ఏకడం, నేయడం, పాడి, తోలుపని, కుట్టుపని నేర్పించారు. చేతిలో పని ఉంటే అప్పులవాడి గడప తొక్కనక్కర్లేదన్నది లెక్క.

ఆ తర్వాత అదే పేరుతో మానసిక రోగుల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆమె డాక్టర్ కాదు, మనోవైద్యం చదవలేదు. కానీ ఆ కాలంలో ఆ పని ఎంత పెద్దదో తెలియాలంటే కొన్ని అంకెలు చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా నియమించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. ఇంగ్లండ్‌లో సుమారు 300 మందికి ఒక మానసిక చికిత్స పడక ఉంటే, ఇక్కడ 40,000 మందికి ఒకటి. ఉన్న కొద్దిపాటి ఆసుపత్రుల మీద 1912 నాటి చట్టం పెత్తనం. తనంతట తాను చేరే రోగుల సంగతి వేరు గానీ, మిగతావారిని చేర్పించాలంటే సాధారణంగా మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆ చట్టం 1987 దాకా మారలేదు. మనకు వాల్తేరు, ఎర్రగడ్డ అన్న ఊరి పేర్లే తిట్లుగా మారిన తీరు చూస్తే, రోగి కుటుంబం ఎంత అవమానం మోసేదో ఊహించవచ్చు. పల్లెలో మిగిలే దారి గొలుసు, లేదంటే గుడి, దర్గా.

అలాంటప్పుడు పల్లెపట్టున, రైలు దిగి నడిచి వెళ్లగల చోట, ఖైదీగా కాక మనిషిగా చేర్చుకునే ఆసుపత్రి ఉండటమే పెద్ద మార్పు. ఆశ్రమ సేవ వైద్యానికి బదులు కాదు. దాన్ని గొప్పచేసి చెప్పడం రోగులకు మేలు చెయ్యదు. కానీ సారా దుకాణం ముందు నిలబడి తాగుడు ఇళ్లను ఏం చేస్తుందో దగ్గరగా చూసిన మనిషి, చివరికి మతి చెదిరినవాళ్ల దగ్గరికి చేరడంలో వింత లేదు. అదే రోడ్డు కొంచెం ముందుకు సాగిందంతే.

1961లో ప్రభుత్వం సంఘసేవకు గాను ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. బార్డోలీ సహచరుల్లో కొందరు అప్పటికే పదవులు చూశారు. ఆమె ఆశ్రమాన్నే నమ్ముకున్నారు. 1973 జులై 16న, 81 ఏళ్ల వయసులో చనిపోయారు.