అయ్యగారి సాంబశివరావుగారు

సికింద్రాబాదులోని చిలకలగూడ నుండి మౌలాలి మీదుగా ఈశాన్యమునకు పోయినచో ఏ.ఎస్.రావు నగర్ అను పేట కలదు. ఆ పేరు నిత్యము పలుకువారిలో ఆయన ఎవరో ఎరిగినవారు కొందరే.

అయ్యగారి సాంబశివరావుగారు 1914వ సంవత్సరమున, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, అచ్చటనే కొంతకాలము బోధించిరి. పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఉన్నతవిద్య నభ్యసించి వచ్చి, బొంబాయిలో హోమీ భాభాగారి పరిశోధన సంస్థలో చేరిరి.

1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో అప్సర యను అణు రియాక్టరు పనిచేయ నారంభించెను. ఇంధనము బ్రిటను నుండి వచ్చినను, దానిని అదుపులో నుంచు పరికరములను రావుగారి విభాగమే నిర్మించెను. లోపలి చర్య ఎంత తీవ్రముగా సాగుచున్నదో ఆ పరికరములు క్షణక్షణము తెలుపవలెను. హద్దు మీరినచో వెంటనే ఆపవలెను. అందు పొరపాటునకు తావు లేదు. పనివాని నిజాయితీ యన నెట్టిదో ఇట్టిచోటనే తెలియును గదా!

1966లో భాభాగారు విమాన ప్రమాదమున మరణించిరి. మరుసటి యేడు హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపింపబడెను. ఆ భారము రావుగారి భుజములపై పడెను. ఆ దినములలో మన దేశమున కంప్యూటర్లు మిక్కిలి అరుదు. ఉన్నవానిలో పెక్కు విదేశీ సంస్థకు అద్దె చెల్లించి వాడుకొనునవి. అవియు పాతబడి, బాగుచేయబడి వచ్చినవి. 1969లో టి.డి.సి. 12 అను స్వదేశీ కంప్యూటరు వెలువడెను.

యంత్రమును నిర్మించిన మాత్రమున చాలదు. ఏ పని తరువాత ఏ పని చేయవలెనో దానికి ఆజ్ఞలు వరుసగా వ్రాసి యియ్యవలెను. ఆ వరుసకే ప్రోగ్రామని పేరు. 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణమున కూడిన నిపుణులు, ప్రోగ్రాములు తప్పుల తడకలగుచున్నవని చింతించి, వంతెన కట్టు ఇంజనీరువలె ప్రోగ్రాము వ్రాయువాడును శాస్త్రబద్ధముగా పనిచేయు మార్గములను చర్చించిరి. అప్పటికి మన కళాశాలలలో పెక్కింట ఆ విద్యయే లేదు. భౌతిక గణితములు చదివిన యువకులును, ఇంజనీర్లును యంత్రము ప్రక్కనే కూర్చుండి దానిని నేర్చుకొనవలసివచ్చెను. అద్దె యంత్రము నిలిచిపోయినచో తప్పును పరులపై నెట్టవచ్చును. తాము కట్టి, తాము ఆజ్ఞలు వ్రాసినదానికి తామే జవాబుదారులు. రావుగారు చేసిన మేలులలో ఇదియే పెద్దదని నాకు తోచును.

తరువాత టి.డి.సి. 312, టి.డి.సి. 316 అను యంత్రములును వెలువడెను. 1972లో ప్రభుత్వము రావుగారిని పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. వారు 2003 అక్టోబరు 31వ తేదీన కీర్తిశేషులైరి.