తేనీటి ఋషి లూ యూ

తేనీరు నేడు లోకమునకు నిత్యపానీయము. దానిని కాచు విధమును శాస్త్రముగా గ్రంథస్థము చేసిన తొలి రచయిత, తల్లిదండ్రుల నెరుగని యొక యనాథ.

క్రీ. శ. 733 ప్రాంతమున, తాంగ్ వంశీయులు చీనాదేశమును పాలించు కాలమున లూ యూ జన్మించెను. జింగ్లింగ్ పట్టణమున జీజీ యను బౌద్ధభిక్షువు ఆ శిశువును చేరదీసి తన మఠమున పెంచెను. గురువు బౌద్ధగ్రంథములు చదువుమనగా, బాలుడు కన్‌ఫ్యూషియస్ శాస్త్రములనే చదివెదనని పట్టుబట్టెను. ఆ పట్టు విడిపించుటకు గురువు వానిచే ఊడ్చు పనులు చేయించెను, పసులను కాయించెను. కాగితము లేని యా బాలుడు ఎద్దు వీపుపై వెదురుపుల్లతో అక్షరములు దిద్దుకొనెను. తుదకు దెబ్బలకు తాళలేక పారిపోయి, నాటక బృందమున విదూషకుడయ్యెను. మాట తడబడువాడయ్యును జనులను నవ్వించెను.

746లో ఆ సీమకు అధికారిగా వచ్చిన లీ చీవూ వాని ప్రతిభను గుర్తించి, గ్రంథము లిచ్చి చదువునకు పంపెను. 755లో ఆన్ లూషాన్ తిరుగుబాటు చెలరేగెను. లూ యూ యాంగ్‌ట్సీ నది దాటి దక్షిణమునకు పోయి, హూజౌ ప్రాంతమున కుటీరము కట్టుకొనెను. అచ్చట 'చా జింగ్' అను తేయాకు శాస్త్రమును పది యధ్యాయములలో రచించెను. అది సుమారు 7,000 అక్షరముల చిన్న గ్రంథము.

ఆ కాలమున ఆకును ఆవిరిపై ఉడికించి, దంచి, బిళ్ళలుగా ఒత్తి ఆరబెట్టెడివారు. త్రాగునపుడు బిళ్ళను సెగపై కాచి, పొడి చేసి, జల్లించి నీటిలో మరగించెడివారు. అందులో ఉల్లి, అల్లము, నారింజ తొక్క వేయుట పలువురి యలవాటు. లూ యూ దానిని నిరసించెను. చిటికెడు ఉప్పు చాలును. ఆకు రుచి చెడరాదు. నీటిలో కొండనీరు ఉత్తమము, ఏటినీరు మధ్యమము, బావినీరు అధమము. బుడగలు చేపకన్నులవలె లేచుట మొదటి కాగు. ముత్యాల సరమువలె లేచుట రెండవది. అలలవలె పొరలుట మూడవది. రెండవ కాగున పొడి వేయవలెను. మూడవది దాటిన నీరు ముదిరిపోవును, త్రాగుటకు తగదు. నేడు చీనావారు పచ్చని తేయాకును వేడినీటిలో నానవేసి త్రాగుచున్నారు. ఉప్పు పోయినది, నీటిపై శ్రద్ధ మిగిలినది.

యువరాజునకు బోధకుడవు కమ్మని రాజాస్థానము పిలిచినను ఆతడు పోలేదు. తనచే పసులు కాయించిన గురువు మరణవార్త వినినపుడు మాత్రము వెక్కివెక్కి యేడ్చి, ఆ దుఃఖమును కవితగా చెప్పెను. 804 ప్రాంతమున లూ యూ గతించెను. తరువాత తేయాకు వర్తకులు ఆతని మట్టిబొమ్మలు చేయించి, పొయ్యి చెంత నిలిపి, దేవునిగా పూజించిరి.