దామెర్ల రామారావు
దామెర్ల రామారావు (మార్చి 8, 1897 - ఫిబ్రవరి 6, 1925) రాజమండ్రికి చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు. ఆధునిక ఆంధ్ర చిత్రకళకు ఆద్యులలో ఒకనిగా ఇతనిని పరిగణిస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండకుండానే మరణించాడు. చదువు ముగిశాక స్వతంత్రంగా చిత్రాలు వేసిన కాలం ఐదేళ్ళకు మించదు. అందువలన ఇతని కళకు పునాది ఎక్కడ పడిందో తెలియాలంటే బాల్యాన్నీ, విద్యాభ్యాసాన్నీ పరిశీలించవలసిందే.

బాల్యం

రామారావు జన్మస్థలం రాజమండ్రి. గోదావరిపై హేవలాక్ వంతెన నిర్మాణం మొదలైనది ఇతడు పుట్టిన సంవత్సరమే. 1900లో దానిపై రైళ్ళు నడిచాయి. ఇతనికి పదేళ్ళ వయసప్పుడు, 1907 ఏప్రిల్‌లో, బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రికి వచ్చి ఉపన్యసించాడు. ఆ పిమ్మట వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ ఊరి ట్రైనింగు కళాశాల నుండి బహిష్కృతుడయ్యాడు. దేశీయమైన ప్రతిదానిపై యువకులకు అభిమానం పొంగుతున్న రోజులవి.

కూల్డ్రే ప్రోత్సాహం

అటువంటి ఊరిలో తెలుగు యువకులకు భారతీయ చిత్రకళపై ఆసక్తి కలిగించినవాడు ఒక ఆంగ్లేయుడు కావడం విశేషం. ప్రభుత్వ ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా కవి, చిత్రకారుడు. అజంతా చిత్రాలంటే ఆయనకు ఎంతో ఇష్టం. తరువాతి కాలంలో రచయితగా పేరుపొందిన అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. రామారావులోని ప్రతిభను గుర్తించిన కూల్డ్రే, ఆ యువకుడు బొంబాయి వెళ్ళి శాస్త్రీయంగా చిత్రకళ నేర్చుకోవడానికి తోడ్పడ్డాడు.

బొంబాయిలో విద్య

1916లో రామారావు జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1920లో చదువు పూర్తిచేశాడు. అక్కడి శిక్షణ పాశ్చాత్య పద్ధతిలో, మనుషులను ఎదుట ఉంచుకొని గీయడంపై ఆధారపడి ఉండేది. ఆ కాలంలో దేశీయ చిత్రకళ అనగానే బెంగాలు పద్ధతినే తలచేవారు. రామారావు మాత్రం బొంబాయిలో నేర్చిన దేహనిర్మాణ జ్ఞానాన్ని విడువకుండా, అజంతాను తలపించే రేఖను దానికి జోడించాడు. పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం వంటి చిత్రాలలో ఈ కలయిక స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఇతనిని బెంగాలు చిత్రకారుల అనుయాయిగా భావించడం సరికాదు.

రాజమండ్రికి తిరిగి వచ్చాక మిత్రుడు వరదా వెంకటరత్నం మొదలైనవారితో కలిసి చిత్రకళా పాఠశాల నెలకొల్పాడు. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. 1925లో మశూచి సోకి రామారావు మరణించాడు. ఇతని చిత్రాలను భద్రపరచిన చిత్రశాల రాజమండ్రిలో ఇతని పేరనే ఉంది.