వేళ్ల నొప్పి విన్న దుకాణదారు

*ఎలక్ట్రిక్ గిటార్ తీగల రూపు మార్చిన ఎర్నీ బాల్*

గిటార్ నేర్చుకునే పిల్లలకు మొదటి ఆరు నెలలూ గండమే. వేళ్ల కొసలు కందిపోతాయి, బొబ్బలెక్కుతాయి. ఆ బాధకు తట్టుకోలేక సగంలో మానేసేవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు ఈ బాధ ఇంకా ఎక్కువగా ఉండేది. ఎందుకంటే అప్పటి తీగలు లావు. అవి అట్లాగే ఉంటాయిలే అని పెద్ద కంపెనీలు వదిలేసిన రోజుల్లో, అమెరికాలోని ఓ చిన్న దుకాణం యజమాని మాత్రం ఆ విషయాన్ని పట్టించుకున్నారు. ఆయనే ఎర్నీ బాల్. నేడు బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా ఆర్కెస్ట్రా కుర్రాళ్లు సన్నతీగను లాగి సాగదీసి వాయిస్తున్నారంటే, దాని వెనుక ఆయన పట్టుదల కూడా ఉంది.

తండ్రే తొలి గురువు

ఎర్నీ బాల్ అసలు పేరు రోలాండ్ షెర్‌వుడ్ బాల్. 1930 ఆగస్టు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. పెరిగింది కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో. తండ్రి హవాయి గిటార్ నేర్పేవారు. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఉక్కు కడ్డీని తీగలమీద జరుపుతూ వాయించే వాద్యం అది. పాత సినిమా పాటలు విన్నవారికి ఆ జారుడు స్వరం కొత్తేం కాదు.

చిన్నప్పుడే మొదలుపెట్టిన ఎర్నీ మధ్యలో వదిలేశారు. మళ్లీ కుర్రతనంలో పట్టుకున్నారు. ఈసారి వదల్లేదు. రోజుకు గంటల తరబడి సాధన చేసి, కొద్ది కాలంలోనే సంగీత కళాకారుల సంఘంలో సభ్యుడయ్యారు. మీసాలు రాని వయసులోనే లాస్ ఏంజెలెస్ బార్లలో వాయించి సంపాదించడం మొదలుపెట్టారు. 19 ఏళ్లకు గాయకుడు టామీ డంకన్ బృందంలో చేరి ఊరూరా తిరిగారు. కొరియా యుద్ధం వచ్చాక అమెరికా వైమానిక దళం బ్యాండులో పనిచేశారు. తిరిగొచ్చాక మళ్లీ బార్లు, టీవీ కార్యక్రమాలు, స్టూడియో రికార్డింగులు, ఇంటింటా పాఠాలు. ఒక్క పనితో ఇల్లు గడవని మామూలు వాద్యకారుడి బతుకే ఆయనదీ.

గిటార్లు తప్ప మరేవీ లేవు

1950ల చివర్లో లాస్ ఏంజెలెస్ శివారు టార్జానాలో ఆయన ఓ దుకాణం తెరిచారు. అందులో గిటార్లే అమ్మేవారు. డ్రమ్ములు, బాకాలు, పియానోలు అన్నీ కలిపి అమ్మితేనే గిట్టుబాటయ్యే రోజులవి. గిటార్లొక్కటే పెట్టుకుని ఎట్లా నెగ్గుకొస్తాడని నవ్వినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో గిటార్లకు మాత్రమే వెలిసిన తొలి దుకాణాల్లో దాన్ని ఒకటిగా చెబుతారు.

అక్కడే పాఠాలూ చెప్పేవారు. పాఠం చెప్పేచోటే సరుకు అమ్మడం వల్ల ఒక మేలు జరిగింది. కొన్నవాడికి ఇబ్బంది ఏమిటో కళ్లెదుటే తెలిసేది. అప్పట్లో ఎక్కువగా అమ్ముడుపోయేది ఫెండర్ కంపెనీ మీడియం రకం తీగల సెట్టు. పిల్లలు అన్ని తీగలతోనూ ఎట్లాగో నెట్టుకొచ్చేవారు. మూడో తీగ దగ్గరే చిక్కు. దాని మందం 0.029 అంగుళం. లోపల ఒక ఉక్కు తీగ, దానిమీద సన్నగా చుట్టిన మరో తీగ. నొక్కితే వేలు కోసుకుపోయేది. పక్కకు లాగితే కదిలేది కాదు.

తీగ లాగడమంటే

వీణ తెలిసినవారికి ఇది చెప్పక్కర్లేదు. మెట్టుమీద తీగను పక్కకు లాగితే శ్రుతి పెరుగుతుంది, గమకం పలుకుతుంది. గిటార్‌లోనూ అంతే. బ్లూస్, రాక్ సంగీతానికి ఆ లాగుడే ప్రాణం. గొంతులో పలికే జీర, ఏడుపు, వేడుకోలు అన్నీ అందులోంచే రావాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను అయిదు ఒంటితీగలకు మార్చుకుని కర్ణాటక సంగీతం పలికించారు. అక్కడా గమకం కోసమే ఆ తంటా.

లెక్క సులువు. ఒకే పొడవు, ఒకే శ్రుతి ఉన్నప్పుడు ఒంటి ఉక్కు తీగమీద ఉండే బిగువు దాని మందం వర్గాన్ని బట్టి మారుతుంది. 0.012 అంగుళం తీగ తీసేసి 0.010 తీగ వేస్తే బిగువు 30 శాతం దాకా తగ్గిపోతుంది. చేతికి తెలిసే తేడా అది. పైగా చుట్టు తీగను ఎంత లాగినా శ్రుతి అంతగా పెరగదు. ఒంటి తీగ అయితే కాస్త లాగితే చాలు, స్వరం పైకి ఎక్కుతుంది.

మామూలు గిటార్‌కు లావు తీగలు ఉండటానికి ఓ కారణముంది. చెక్క పెట్టె మోగాలంటే తీగకు బలం కావాలి. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఆ అవసరం అంతగా లేదు. తీగ కదలికను అయస్కాంతంతో చేసిన పికప్ పట్టుకుంటుంది, యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. తీగ ఉక్కుదో, నికెల్‌దో అయితే చాలు. ఎలక్ట్రిక్ గిటార్లు 1932 నుంచే అమ్మకంలో ఉన్నాయి. అయినా ముప్ఫై ఏళ్ల దాకా తీగల కంపెనీలు పాత లావు అలవాటును వదల్లేదు.

కంపెనీ కాదంది

మూడో తీగ సన్నం చేయండని ఎర్నీ ఫెండర్ కంపెనీకి చెప్పి చూశారు. వాళ్లు ఒప్పుకోలేదు. బాగా అమ్ముడుపోతున్న సరుకును ఒక దుకాణదారు మాట పట్టుకుని ఎవరు మారుస్తారు? ఊరుకుంటే ఆయన కథ అక్కడితో ముగిసేది. ఎర్నీ ఊరుకోలేదు. తీగలు తయారుచేసే మరో సంస్థను ఒప్పించి, మూడో తీగ 0.024 అంగుళం ఉండేలా సెట్లు చేయించుకున్నారు. తన దుకాణంలోనే పెట్టి అమ్మారు. పిల్లలు ఎగబడి కొన్నారు.

ఈలోగా ఆయన మరో సంగతి గమనించారు. పేరున్న వాద్యకారులు సెట్టు కొనగానే అందులో లావుపాటి ఆరో తీగను పక్కన పారేస్తున్నారు. మిగతా తీగల్ని ఒక్కో స్థానం కిందికి జరిపి, మొదటి తీగ స్థానంలో బాంజో తీగ తెచ్చి బిగిస్తున్నారు. రికీ నెల్సన్ బృందంలో వాయించిన జేమ్స్ బర్టన్ లాంటివారు 1950ల్లోనే బాంజో తీగలు వాడి పేరు తెచ్చుకున్నారు. అంటే సన్నతీగ ఆలోచన ఎర్నీ ఒక్కరిదే కాదు. కళాకారులు తమ అవసరానికి తామే కనిపెట్టుకున్న చిట్కా అది. ఒక సెట్టు కొని సగం పారేసుకోవాల్సిన పని లేకుండా చేయొచ్చని ఆలోచించింది మాత్రం ఎర్నీ.

1962లో స్లింకీ

రకరకాల మందాల్లో తీగలు విడివిడిగా తెప్పించి దుకాణంలో వరుసగా పెట్టారాయన. ఎవరికి కావలసిన మందం వారు ఏరుకోవచ్చు. ఏ మందం ఎక్కువ పోతోందో, ఏది మిగిలిపోతోందో ఆయనకు తెలిసిపోయేది. ఏ సర్వే చేయిస్తే ఇంతకన్నా బాగా తెలుస్తుంది?

అట్లా తేలిన సెట్టే 1962లో వచ్చిన స్లింకీ. మందాలు వరుసగా 0.010, 0.013, 0.017, 0.026, 0.036, 0.046 అంగుళాలు. మూడో తీగ చుట్టు లేని ఒంటి తీగ అయ్యింది. అంతకుముందున్న 0.029 ఎక్కడ, ఈ 0.017 ఎక్కడ! లాస్ ఏంజెలెస్ వచ్చిన బృందాలు సెట్లు కొని ఊళ్లకు పట్టుకెళ్లాయి. వాళ్ల చేతుల్లో చూసిన ఇతర ఊళ్ల కళాకారులు ఉత్తరాలు రాసి తెప్పించుకున్నారు. ప్రకటనలకన్నా ఆ నోటి మాటే ఎక్కువ పనిచేసింది. తీగల వ్యాపారం ఎంత పెరిగిందంటే, 1967లో ఎర్నీ దుకాణం అమ్మేసి న్యూపోర్ట్ బీచ్‌కు మకాం మార్చారు. తర్వాతి రోజుల్లో ఎరిక్ క్లాప్టన్, జిమ్మీ పేజ్ లాంటి దిగ్గజాలూ ఆ తీగలే వాడారు.

వేళ్లు తెగిన కార్మికుడు

సన్నతీగ దొరకడం, దొరక్కపోవడం ఒక మనిషి బతుకును ఎట్లా మార్చగలదో చెప్పడానికి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఉదంతం ఒకటి చాలు. 1965లో అక్కడి రేకుల కర్మాగారంలో పనిచేసే టోనీ అయోమీ అనే 17 ఏళ్ల కుర్రాడికి యంత్రంలో పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం కావడంతో, తీగలు నొక్కే కుడిచేతి వేళ్లే పోయాయి. ఇక గిటార్ వదిలేయాల్సిందే అనుకున్నారంతా. అతను ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. మామూలు తీగలు వాటితో లాగడం కుదర్లేదు. అక్కడ సన్నతీగల సెట్లు దొరకక, అతనూ బాంజో తీగలే బిగించుకున్నాడు. తర్వాత అతని బ్లాక్ సబ్బత్ బృందం హెవీ మెటల్ సంగీతానికే పునాది వేసింది. టార్జానాలో ఎర్నీ చూసిన అవసరమే సముద్రాలకు అవతలా ఉందన్నమాట.

అందరూ అటే మొగ్గలేదు

అట్లాగని సన్నతీగే గొప్పదని తీర్పు చెప్పలేం. సన్నతీగ త్వరగా తెగుతుంది, గట్టిగా మీటితే శ్రుతి తప్పుతుంది. జాజ్ వాద్యకారులు చాలామంది లావు తీగల నిండైన నాదాన్నే నమ్ముకున్నారు. 1990లో చనిపోయిన బ్లూస్ కళాకారుడు స్టీవీ రే వాన్ 0.013 అంగుళం తీగతో మొదలయ్యే సెట్లు వాడి, శ్రుతిని అర మెట్టు తగ్గించుకుని వాయించారు. ఎర్నీ తెచ్చిన మార్పు అసలు ఎంపికలో ఉంది. కంపెనీ ఇచ్చిందే వాడాలన్న రోజులు పోయి, చేతికి తగ్గ తీగ అడిగే రోజులు వచ్చాయి.

చేతికొచ్చిన మ్యూజిక్ మ్యాన్

ఎర్నీ చేసినవన్నీ నెగ్గలేదు. యాంప్లిఫయర్ అక్కర్లేని బేస్ గిటార్ ఉండాలని 1972లో ఎర్త్‌వుడ్ పేరుతో ఒకటి తెచ్చారు. ఆలోచన మంచిదే, సరుకు మాత్రం అంతగా కదల్లేదు. 1984లో ఆయన సంస్థ మ్యూజిక్ మ్యాన్ అనే వాద్యాల కంపెనీని కొనేసింది. అక్కడో విచిత్రం ఉంది. మ్యూజిక్ మ్యాన్‌కు పేరు తెచ్చిన స్టింగ్‌రే బేస్ గిటార్ రూపకర్త మరెవరో కాదు, లియో ఫెండర్. తన పేరుతో ఉన్న కంపెనీని 1965లో అమ్మేసి, తర్వాత మ్యూజిక్ మ్యాన్‌లో పనిచేసిన మనిషి. ఒకనాడు ఎర్నీ మాట కాదన్న కంపెనీని స్థాపించిన వ్యక్తి చేతి పని, చివరికి ఎర్నీ గూటికే చేరింది.

సంస్థ శాన్ లూయిస్ ఒబిస్పోకు మారింది. అక్కడే 2004 సెప్టెంబరు 9న, 74వ ఏట ఎర్నీ బాల్ కన్నుమూశారు. వ్యాపారం కుటుంబం చేతిలోనే సాగింది.

గిటార్ కొత్తగా పట్టే పిల్లల తల్లిదండ్రులకు ఈ కథలో పనికొచ్చే మాట ఒకటుంది. వేళ్లు నొప్పెడుతున్నాయని పిల్లవాడు మూలకు పెడితే, వాడికి సంగీతం రాదని అప్పుడే తేల్చేయకండి. ముందు తీగ మందం ఎంతో చూడండి. ఎలక్ట్రిక్ గిటార్ అయితే 0.009 లేదా 0.010 అంగుళం తీగతో మొదలయ్యే సెట్టు అడగండి. ఖర్చు కొద్దే. ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుకావచ్చు.