చెరసాలలో చేయూత: ఫాదర్ ఎఫ్రాయీము జీవితము

ఆపద కలిగినపుడు దానిని తొలగింపుమని భగవంతుని వేడుకొనుట మానవసహజము. ఆపద తొలగక పోయినను తన్ను కనిపెట్టి చూచుచున్న దృష్టి యొకటి కలదని నమ్మి నిలుచుట మాత్రము కొందరికే సాధ్యము. క్రైస్తవ భక్తులు భగవంతుని గొఱ్ఱెల కాపరిగా భావింతురు. కాపరి వెంటనున్నను మంద చీకటి దారులలో నడువవలసియే యుండును. ఈ విశ్వాసమునకు నిదర్శనముగా నిలిచిన జీవితములలో పదునేడవ శతాబ్దమునకు చెందిన ఫ్రెంచి సన్యాసి ఫాదర్ ఎఫ్రాయీము జీవిత మొకటి. సూరతు, గోలకొండ, మచిలీపట్టణము, చెన్నపట్టణము అను నాలుగు స్థలములును ఆయన కథలో పెనవేసికొనియున్నవి.

తపతీ తీరమందలి సూరతు ఆనాడు మొగలు సామ్రాజ్యమునకు పెద్ద రేవు. మక్కా యాత్రికుల నౌకలును, ఐరోపా వర్తకుల నౌకలును అచటనే ఆగెడివి. 1640 ప్రాంతమున కపూచిన్ సభకు చెందిన ఫ్రెంచి సన్యాసులు ఆ నగరమున ఒక మఠమును నెలకొల్పిరి. ముతక అంగీ, నడుమునకు త్రాడు, భిక్షాన్నము వారి సంపద. వారిలో జీనో, ఎఫ్రాయీము అను నిరువురు ముఖ్యులు.

బర్మా దేశమందలి పెగూ నగరమునకు పోవలసినదని పెద్దలు ఎఫ్రాయీమును ఆజ్ఞాపించిరి. ఆయన సూరతు నుండి భూమార్గమున బయలుదేరి గోలకొండ రాజ్యము చేరెను. అబ్దుల్లా కుతుబ్ షా సుల్తాను ఆయనను ఆదరించి ఆయన వద్ద కొంత గణితశాస్త్రము నేర్చుకొనెను. సుల్తాను అల్లుడైన అరబ్బు ప్రభువు, భాగ్యనగరమున నిలిచినచో తన సొంత ఖర్చుతో ఇల్లును, దేవాలయమును కట్టింతునని చెప్పెను. కాని గురువుల ఆజ్ఞ మీరుట ఎఫ్రాయీమునకు సమ్మతము కాలేదు. అంతట ఆ ప్రభువు ప్రయాణమునకు ఒక ఎద్దును, ఇద్దరు సేవకులను ఇచ్చి ఆయనను మచిలీపట్టణమునకు సాగనంపెను.

మచిలీపట్టణమున పెగూ పోవు ఓడ దొరకలేదు. దామెర్ల వేంకటాద్రి నాయకుని వలన 1639లో ఇంగ్లీషువారు సంపాదించిన చెన్నపట్టణమున అప్పుడే కోట లేచుచుండెను. అచట కాపురమున్న కాథలిక్కులకు గురువు లేడు. ఇంగ్లీషువారు ప్రొటెస్టెంటులయ్యును ఎఫ్రాయీమును ఆహ్వానించి 1642లో నిలుపుకొనిరి. ఆయన పెగూను చూడనే లేదు. ఓడ దొరకకపోవుటయే ఆయన జీవితకార్యమునకు ద్వారమయ్యెను.

చెన్నపట్టణమునకు చేరువనే పోర్చుగీసువారి శాంథోమ్ ఉండెను. తమ ప్రజలు ఇంగ్లీషు కోటవైపు, ఫ్రెంచి గురువువైపు మొగ్గుట వారికి కంటగింపయ్యెను. 1649లో ఒక తగవు తీర్చవలెనను నెపమున వారు ఎఫ్రాయీమును శాంథోమునకు పిలిపించి, పట్టి బంధించి, ఓడ యెక్కించి గోవాకు పంపిరి. అచట ఇంక్విజిషన్ అను మతవిచారణ సభ ఆయనను చెరలో వేసెను. పరమతస్థుల చేత గౌరవింపబడిన సన్యాసిని స్వమతస్థులే మతద్రోహియని చెరబట్టుట ఈ కథలోని విషాదము.

ఆయన చెరలో సుమారు రెండేండ్లు గడిపెను. ఆయనతో ఒకే గదిలో ఉంచబడిన మాల్టా ద్వీపవాసి నోరు విప్పిన దైవదూషణమే చేయుచు, దినమెల్ల పొగ త్రాగెడివాడట. విచారణకర్తల అజ్ఞానమే తనను అన్నిటికంటె ఎక్కువగా బాధించినదని ఎఫ్రాయీము తరువాత చెప్పినట్లు ఫ్రెంచి రత్నవర్తకుడు టావర్నియే వ్రాసియుంచెను.

వెలుపల ఆయనకై ప్రయత్నములు సాగెను. సూరతు నుండి జీనో గోవాకు పోయి, ఫలము లేక చెన్నపట్టణము చేరి, ఇంగ్లీషువారి సాయమున శాంథోమ్ అధికారినే పట్టి కోటలో బంధించెను. ఆ అధికారి తప్పించుకొని పోయెను. పోర్చుగల్ రాజు వ్రాసెను. రోము నుండి పోపు వ్రాసెను. గోవా చెర తలుపు తెరువబడలేదు.

తెరిపించినవాడు గోలకొండ సుల్తాను. ఆ కాలమున ఆయన సేనలు మీర్ జుమ్లా నాయకత్వమున కర్ణాటకమును జయించుచు శాంథోమ్ సమీపమున నుండెను. రెండు నెలలలో ఎఫ్రాయీమును విడిపింపకున్నచో శాంథోమును నేలమట్టము చేయవలసినదని సుల్తాను ఆజ్ఞ పంపెను. భయపడిన పురజనులు గోవాకు పడవ వెంట పడవ పంపి మొరలిడిరి. చెర తలుపు తెరచుకొనెను. కాని ఎఫ్రాయీము వెంటనే వెలికి రాలేదు. గోవాలోని సన్యాసులందరును ఊరేగింపుగా వచ్చి తీసికొనిపోయిన గాని కదలననెను. చాటుగా విడిచిపెట్టిన నింద చాటుగా మిగులును గదా! వారు వచ్చిరి; ఆయన తలయెత్తి నడిచెను.

తిరుగుప్రయాణమున ఆయన గోలకొండకు పోయి సుల్తానునకు కృతజ్ఞత తెలిపెను. భాగ్యనగరమున నుండుమని వారు మరల కోరిరి. తన్ను పట్టి యిచ్చినవారు పొరుగుననే యున్నారని తెలిసియు ఆయన చెన్నపట్టణమునకే మరలెను. 1652లో టావర్నియే ఆయనను అచట దర్శించెను. ఎఫ్రాయీము తన యింటనే బడి పెట్టి బాలురకు చదువు చెప్పుచు, నలువది యేండ్లకు పైగా అచట సేవ చేసి, ఆ శతాబ్దపు చివరి దశకమున వృద్ధుడై కన్నుమూసెను.

సూరతు మఠమునకును ఇట్టి యనుభవము తప్పలేదు. 1664లో శివాజీ ఆ నగరమును కొల్లగొట్టినపుడు ఫాదర్ ఆంబ్రోసు మఠమును ముట్టవలదని ఆజ్ఞాపించెనని బెర్నియే అను యాత్రికుడు వ్రాసెను.

దైవరక్షణ యనగా కష్టము రాకుండుట యని తలచువారికి ఎఫ్రాయీము చెర సమాధానము లేని ప్రశ్నగా తోచును. ఆయన జీవితము చూపునది వేరు. రెండేండ్ల చీకటిలో ఆయనకు తెలియకుండగనే, ఎన్నడో తాను నేర్పిన నాలుగు లెక్కల స్నేహము గోలకొండలో మేల్కొనియుండెను. సాయము ఏ చేతినుండి వచ్చునో ముందుగా ఎరిగినవారు లేరు. తన మతమువాడు మూసిన తలుపును అన్యమతస్థుడు తెరచినపుడు, ఆ చేయి ఎవరిదో ఆ భక్తునకు సందేహము కలుగలేదు.