పదవీ విరమణ తర్వాత పెరిగిన పేరు – సర్ ఆల్బర్ట్ హోవార్డ్

పెన్షను పుచ్చుకున్నాక మనిషి పని అయిపోయిందనుకునే మిత్రులు ఒక ఉద్యోగి చరిత్ర తెలుసుకోవాలి. ఆయన మనవారు కారు, ఆంగ్లేయులు. అయినా పాతికేళ్లు పైబడి మన దేశంలోనే కొలువు చేశారు. కంపోస్టు ఎరువుకు ఒక పద్ధతి, ఒక కొలత ఏర్పరచిన సర్ ఆల్బర్ట్ హోవార్డ్ గారే ఆయన. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లోని మన సభ్యులకు ఆయన చరిత్రతో పని ఉందని నా అభిప్రాయం.

హోవార్డ్ గారు 1873 డిసెంబరు 8న ఇంగ్లండులో ఒక రైతు ఇంట పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, 1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థకు వృక్షశాస్త్రజ్ఞులుగా వచ్చారు. భార్య గాబ్రియేల్ కూడా శాస్త్రవేత్తే. దంపతులిద్దరూ కలిసి మేలైన గోధుమ రకాలు తయారుచేశారు. చుట్టుపక్కల రైతులు పురుగుమందులు లేకుండానే ఆరోగ్యమైన పైరు పండించడం చూసి, ఆయన వారినే గురువులుగా ఎంచుకున్నారు. పైరుకు తెగులు వస్తే ముందు నేల సంగతి చూడాలన్న నమ్మకం ఆయనకు అక్కడే కుదిరింది.

ఆఫీసుల తీరు మనకు తెలిసినదే. విత్తనం ఒక శాఖ, పురుగు ఒక శాఖ, తెగులు మరో శాఖ. పైరును మొత్తంగా చూసే అవకాశం ఆయనకు 1924లో ఇండోరులో కొత్త సంస్థ ఏర్పడే వరకు, అంటే 19 ఏళ్లు, దొరకలేదు.

చైనా రైతులు తరతరాలుగా చేస్తున్నదీ, మన రైతులు చేస్తున్నదీ పరిశీలించి, యశ్వంత్ వాడ్ అనే మన రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి ఆయన ఇండోర్ పద్ధతి రూపొందించారు. గొయ్యి 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు; లోతు మాత్రం 2, 3 అడుగులే. చెత్త, ఆకు, పేడ, పశువుల కొట్టంలో మూత్రం ఇంకిన మట్టి, కట్టెల బూడిద పొరలు పొరలుగా వేసి తడపాలి. గాలి ఆడేందుకు మధ్యమధ్య తిరగబోయాలి. మూడు నెలల్లో ఎరువు సిద్ధం. వానాకాలంలో గోతిలో నీరు నిలుస్తుంది గనుక నేలమీదే కుప్ప వేయాలి. ఎండకూ వానకూ సారం పోగొట్టుకునే మన పెంటదిబ్బకూ దీనికీ తేడా ఇదే.

1930లో గాబ్రియేల్ కన్నుమూశారు. 1931లో ఈ పద్ధతిపై వెలువడిన పుస్తకం మీద హోవార్డ్, వాడ్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లోకం మాత్రం ఒక్కరినే గుర్తుంచుకుంది. నోటు రాసినవారిని మరచి సంతకం చేసినవారినే తలుచుకోవడం మనమెరుగని విషయం కాదు.

ఆ ఏడాదే, 58వ ఏట, ఆయన మన దేశం వదిలి స్వదేశం చేరారు. అసలు ప్రచారం అప్పుడే మొదలైంది. ఇండియా, సిలోను తేయాకు తోటలకు, తూర్పు ఆఫ్రికా కాఫీ తోటలకు ఈ పద్ధతి పాకింది. 1935లో గాంధీజీ తమ హరిజన్ పత్రికలో దీన్ని గురించి రాశారు. 1934లో సర్ బిరుదు వచ్చింది. ఆయనకు ఎక్కువ పేరు తెచ్చిన గ్రంథం 1940లో, 67వ ఏట వెలువడింది. 1947 అక్టోబరు 20న మరణించే వరకు ఆయన ఈ పని విడువలేదు.

ఆ రోజుల్లోనే బెంగాలులో గుర్రపుడెక్కతో కంపోస్టు చేశారు. కొల్లేటిలో, మన కాలువల్లో ఆ డెక్కకు కొదవ లేదు. అందులో నీరే ఎక్కువ గనుక గట్టున వాడ్చి, ఎండుగడ్డి, పేడ కలపాలి. యంత్రంతో కోసిన చేలల్లో తగలబెట్టే గడ్డి, గూడెం మార్కెట్టులో కుళ్లిన ఉల్లిపాయలు, ఏలూరు వీధుల్లో ఆకు చెత్త అన్నీ ఇందుకు పనికొచ్చేవే. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద కేంద్రాలు కట్టారు. కాని షెడ్డు ఎరువు చేయదు. వేళకు కుప్ప తిరగేసే మనిషి కావాలి.

పార పట్టే ఓపిక మనలో అందరికీ ఉండదు. రిజిస్టరు రాయడం మాత్రం మనకు వచ్చిన విద్యే. కుప్ప ఏ తేదీన వేశారు, ఎప్పుడు తిరగేశారు, ఎన్ని బళ్ల ఎరువు వచ్చింది అన్న లెక్క ప్రతి పేటలో ఒక పెన్షనరు రాసి ఉంచితే ఈ పని నిలుస్తుంది. సభ్యులు ఆలోచించవలసిందిగా మనవి.